నీడల ఆటలో పశువుల డాక్టరు

ఆ రోజుల్లో మా ఇంద్రేశంలో నాకంటే తెలివైనవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. (పటాన్‌చెరులో ఒకరిద్దరు ఉండొచ్చని మాత్రం ఒప్పుకునేదాన్ని.) ఆ నమ్మకానికి ఆధారం పెద్దగా ఏమీ లేదు. బొల్లారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం, మెడలో కంపెనీ కార్డు, తమ్ముడు హాస్టల్‌కు వెళ్తూ నాకు వదిలేసిన కంప్యూటరు. మనిషికి గర్వం రావడానికి ఇవి చాలవా? సాయంత్రం కంపెనీ బస్సు దింపగానే, ఒంటికి పట్టిన మందుల వాసన స్నానంతో వదిలించుకుని నేరుగా ఆ కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. అమ్మ ఛాయ్ తెచ్చి పక్కన పెట్టేది. అది చల్లారిపోయేది. అమ్మే మళ్లీ వేడి చేసి తెచ్చేది, ఈసారి తిట్లతో కలిపి.

నన్ను అలా కట్టిపడేసింది ఒక ఆట. తుపాకులు, పరుగులు ఉండే రకం కాదు. పాడుబడ్డ రాతి కోటలో మనం ఒక్కళ్లమే. మన మనిషి తెర మీద ఎక్కడా కనిపించడు. అతని కళ్లతోనే మనం చూస్తుంటాం, మౌసు తిప్పితే తల తిప్పినట్టు. చేతిలో మూత ఉన్న లాంతరు ఉంటుంది. ఆ కోటకు ఒక పిచ్చి నియమం ఉంది. నేల మీద వెలుగు పడితే ఆ నేల కరిగిపోతుంది, నీడ ఉన్నచోటే కాలు నిలుస్తుంది. తలుపులు మాత్రం వెలుగు పడితేనే తెరుచుకుంటాయి. (గోడవారన ఉన్న అరుగులు కరగవు. నిలబడి తల గోక్కోవడానికి వాటిని వదిలేసినట్టున్నారు.) గదిలో దొరికిన స్తంభాన్నో, నిచ్చెననో, బండిచక్రాన్నో వెలుగుకు అడ్డం పెట్టి, నేల మీద నీడ పరుచుకుంటూ, దాని మీద నడిచి తలుపు దాటాలి. అలా గది తర్వాత గది దాటుకుంటూ పోయి, చివరికి ఒక గదిలో ఇరుక్కుపోయాను. ఆ గదిలో అడ్డం పెట్టడానికి ఒక్క వస్తువు కూడా లేదు. ఇటు అరుగు, అటు తలుపు, మధ్యలో నేల. లాంతరు మూత తీస్తే నేల ఉండదు, తియ్యకపోతే తలుపు తెరుచుకోదు. లాంతరును అరుగు అంచున పెట్టి, దాని వెనక నిలబడి, ఆ ఖాళీ గదిని వారాల తరబడి చూశాను. ఇంటర్నెట్‌లో వెతికితే జవాబు దొరికేదే. కానీ ఇంద్రేశంలోకెల్లా తెలివైన మనిషి ఇంకొకళ్లను అడుగుతుందా?

అమ్మకు ఆ ఆట పేరెత్తితేనే మంట. "ఏందే అది, పొద్దుమాపు ఉత్త గోడలు సూసుకుంట కూసుంటవ్? చర్చిలనేమో వెలుగుల నడువుమంటరు, నువ్వేమో నీడల నడుస్త అంటవ్," అనేది. ఒకరోజు ఇంతకీ అందులో ఏముందో చూద్దామని నా భుజం మీదుగా తొంగిచూసింది. నేను మౌసు గిర్రున తిప్పాను. అమ్మ మంచం పట్టె పట్టుకుని "అయ్యో, ఇల్లు తిరుగుతుందే" అని కూలబడిపోయింది. ఆ సాయంత్రమంతా నుదుటికి బామ్ రాసుకుని పడుకునే ఉంది. అలవాటు లేని కళ్లకు ఆ ఆట తల తిప్పుతుందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసిన సంగతిని వృథా పోనిచ్చే రకం కాదు నేను.

ఎందుకంటే అప్పుడే నాకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. పెళ్లంటే నాకు కోపమేమీ లేదు. కోపమంతా ఆ పెళ్లిచూపుల మీదే. మొదట వచ్చినవాళ్లు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి "వంటొస్తదా? ఒక కీర్తన పాడమ్మా, ఇందాం," అన్నారు. నేను కళ్లు మూసుకుని పాడి, తెరిచేసరికి పెళ్లికొడుకు ఫోన్‌లో క్రికెట్ చూసుకుంటున్నాడు. ఈసారి వచ్చేవాడెవడో గాని పరీక్ష అతనికే అని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను. ఆ తర్వాత మా చర్చి అయ్యగారు హత్నూర నుంచి ఒక సంబంధం తెచ్చారు. పిల్లవాడు పశువుల డాక్టరట. "బర్రెలు ఈనలేక తిప్పలపడుతుంటే లోపలికి చెయ్యి పెట్టి దూడను తీస్తడమ్మా, మస్తు ధైర్యం," అని అయ్యగారు సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ ధైర్యం సంగతేదో నేను చూస్తానులే అనుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కలిసి మా ఇంటికి వచ్చారు. అయ్యగారు, పశువుల డాక్టరు, వాళ్లమ్మ. ఆమె బడిలో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. మా కుర్చీలను కూడా హాజరు తీసుకునే చూపుతో చూశారు. డాక్టరు మాత్రం సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, అడుగడుగునా "పర్వాలేదండి" అంటూ ఉన్నాడు. అమ్మ బగారన్నం, మటన్ కూర చేసింది. మా వీధిలో ఎవరింట్లో పెళ్లయినా మటన్ దగ్గర అమ్మను నిలబెట్టేవారు. అంత పేరుంది ఆ కూరకు. నేను ఎన్నడూ లేనంత వినయంగా గరిటె పట్టుకుని డాక్టరు పళ్లెం నింపాను. "ఇంకొంచెం ఏసుకోండ్రి, మొహమాటపడకుండ్రి." అమ్మ నన్ను చూసి మురిసిపోయింది. పాపం, కూతురు మారిందనుకుంది. కడుపు ఎంత నిండితే తల అంత బాగా తిరుగుతుందన్న నా లెక్క ఆమెకేం తెలుసు?

భోజనాలయ్యాక డాడీ దగ్గి, "పిల్లలు జెర మాట్లాడుకుంటరేమో," అన్నారు. తలుపు తీసే ఉంచి, మేమిద్దరం కంప్యూటరు గదిలోకి వెళ్లాం. కుర్చీ చూపించాను.

"మీకు ఆటలంటే ఇష్టమేనా?"

"కబడ్డీ ఆడేటోణ్ణి. మోకాలు దెబ్బతిన్నది."

"ఇది మోకాలుతోటి ఆడేది కాదు. కూసోండ్రి. ఈ గది దాటిస్తే నేను మీ సంగతి ఆలోచిస్త."

ఆయన నవ్వి కూర్చున్నాడు. మౌసును దూడ తల పట్టుకున్నట్టు మెత్తగా పట్టుకున్నాడు. కోట గోడలు ఇటు తిరిగాయి, అటు తిరిగాయి, పైకప్పు కిందికొచ్చింది, నేల పైకెళ్లింది. నేను వెనక నిలబడి "ఇంకా జల్దీ తిప్పుండ్రి, ఆ మూలకు సూడుండ్రి," అని ఉత్సాహపరిచాను. ఆయన నుదుటి మీద చెమట పోసింది. మెడ పాలిపోయింది. అయినా మనిషి నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. నాకు కొంచెం భయం వేసింది, కొంచెం గౌరవం కూడా. ఇంతలో అయ్యగారు ప్రార్థనకు పిలిచారు.

మా అయ్యగారి ప్రార్థన గురించి తెలియనివాళ్లకు చెప్పాలి. ఆదాము దగ్గర మొదలుపెట్టి పటాన్‌చెరు బస్టాండు దాకా అందరినీ దీవించి గాని ఆపరు. అందరం తలలు వంచి కళ్లు మూసుకున్నాం. (నేను ఒక కన్నే మూసుకున్నాను.) ఆయన ఇశ్రాయేలు ప్రజలను ఎడారి దాటిస్తుండగా డాక్టరు కుర్చీలోంచి లేచాడు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వరండాలోని వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తాడు. ఆ తర్వాత వినిపించిన చప్పుడుకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. అయ్యగారు కళ్లు తెరవకుండానే గొంతు పెంచారు. "ప్రభువా! ఈ బిడ్డ కడుపును ముట్టుము తండ్రీ!" లోపల ఆయన గొంతు పెరిగినప్పుడల్లా బయట చప్పుడూ పెరిగింది. నేను చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

ఆమెన్ అనగానే రెండో కన్నూ తెరిచాను, అమ్మ ముఖం చూసి నా నవ్వు ఆగిపోయింది. హెడ్‌మాస్టరమ్మ కూర గిన్నె వైపు చూస్తున్నారు. "మటన్ పొద్దుగాల్నే తెచ్చిండ్రా వదినా?" అని మెల్లగా అడిగారు. అంతే. అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మా అమ్మ మీద ఒట్టు వదినా, పొద్దుగాల నేనే పోయి కండ సూసి కోయించుకొచ్చిన," అంది. ఇన్నేళ్ల పేరు, ఊరందరూ మెచ్చిన చెయ్యి, ఒక్క వాష్‌బేసిన్ చప్పుడుతో కొట్టుకుపోయేలా ఉంది. నేను నోరు తెరిచాను. "కూర వల్ల గాదు, ఆట వల్ల" అని చెప్పడానికే. కానీ అప్పటికే డాక్టరు ముఖం కడుక్కుని గుమ్మంలోకి వచ్చాడు.

"కూరకేమైంది ఆంటీ? నాకు బస్సెక్కినప్పటి సంది తల తిప్పుతుంది. చెప్తే బాగుండదని చెప్పలే," అన్నాడు. అంతటితో ఆగినా సరిపోయేది. నేరుగా వెళ్లి పీట మీద కూర్చుని, "ఇంత ఉంటే ఇంకో నాలుగు ముక్కలు పెట్టుండ్రి," అన్నాడు. కాగితంలా పాలిపోయిన ముఖంతో, ఒక్కో ముక్కా నములుతూ, మధ్యమధ్యలో ఆగి గాలి పీల్చుకుంటూ తిన్నాడు. వాళ్లమ్మ ఒక్కో ముద్దనూ పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూశారు. చివరి ముక్క లోపలికి దిగి, దిగినచోటే నిలిచాక ఆమె గిన్నె దగ్గరికి జరిగి, "నాకూ జెర ఎయ్యి వదినా," అన్నారు. అమ్మ ముఖం వెలిగింది. నేను గోడకు ఆనుకుని నిలబడి, ఏం చెయ్యాలో తెలియక కాలి వేలితో గచ్చు గీకాను.

చెయ్యి కడుక్కుని ఆయన డాడీని అడిగాడు, "ఇంకో జెరసేపు మాట్లాడొచ్చా అంకుల్? ఒక ముచ్చట సగంల ఉంది." గదిలోకి వచ్చి కుర్చీని గోడవైపు తిప్పి, కంప్యూటరుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"కావాలనే ఆడిపిచ్చిండ్రు గదా?" అన్నాడు గోడతో.

"అవ్," అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మంచిది. ఇప్పుడు మీరు ఆడుండ్రి. నేను సూడ, సూస్తే మల్ల వాష్‌బేసిన్ కాడికే. ఏముందో నోటితోటి చెప్పుండ్రి."

చెప్పాను. అరుగు, తలుపు, మధ్యలో నేల, నియమం. ఆయన గేదె యజమానిని అడిగినట్టు అడుగుతూ పోయాడు. ఎప్పటి నుంచి? ఎక్కడ? ఏం చేస్తే ఏమైంది? "గదిల ఏమన్న ఉందా? చిన్నదైనా సరే."

"ఏం లేదన్న గదా. ఉత్త గది."

"మరి మీరెక్కడున్నరు?"

"నేనా? నేను కనపడ. నా కండ్లతోనే సూస్తం."

గోడ అమాయకంగా అడిగింది. "కనపడకపోతే నీడ పడదా?"

లాంతరును అరుగు లోపలి అంచుకు జరిపి, మూత తీసి, మొదటిసారి దాని వెనక్కి కాకుండా ముందుకు వెళ్లి నిలబడ్డాను. నా కాళ్ల దగ్గర మొదలై, నేల పొడుగునా, తలుపు దాకా ఒక నల్లని మనిషి నీడ పరుచుకుంది. అటూ ఇటూ నేల కరిగిపోయింది. నీడ పడిన నేల మాత్రం దారిలా నిలిచింది. నా పక్కల నుంచి వెళ్లిన వెలుగు తగిలి తలుపు తెరుచుకుంది. ఇన్ని వారాలూ గదంతా వెతికాను గాని, అందులో నేనూ ఉన్నానని నాకు తట్టనే లేదు. "ఒచ్చింది! ఒచ్చింది!" అని కేకపెట్టి గెంతాను.

ఆ కేకకు పెద్దవాళ్లందరూ ఒక్క ఉరుకున వచ్చేశారు. వచ్చి చూస్తే పెళ్లికొడుకు గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని కూర్చున్నాడు, పెళ్లికూతురు మంచమెక్కి గెంతుతోంది. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. డాడీ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. చివరికి అయ్యగారే తేరుకుని, "అయితే ఇద్దరికీ సమ్మతమే అనుకుంట. స్తోత్రం," అన్నారు. హెడ్‌మాస్టరమ్మ కొడుకును చూసి, "వీడు గట్ల మూలకు తిరిగి కూసునుడు మూడో తరగతి తర్వాత ఇదే," అన్నారు.

అదే ఏడు మా పెళ్లయింది. ఇప్పుడు సంగారెడ్డిలో ఉంటున్నాం. ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, ఆ ఆదివారం నాటి ఆ పిల్ల గుర్తొస్తుంది. కొత్త చున్నీ వేసుకుని, కుర్చీ వెనక చేతులు కట్టుకుని, ఒక మనిషికి పరీక్ష పెడుతున్నానని ఎంత ధీమాగా నిలబడిందో! ఆ పిల్లకు ముందుముందు ఏమేం రానున్నాయో నాకిప్పుడు తెలుసు. వేళకాని వేళ గేదెలకోసం మోగే ఫోన్లు, ట్రాన్స్‌ఫర్లు, చంటిదాన్ని చంకనేసుకుని పట్టుకున్న కంపెనీ బస్సులు, అలిగి మాట్లాడుకోని పూటలు, మాట్లాడుకున్నాక నవ్వులు. పక్కకు పిలిచి ముందే ఓ మాట చెబుదామా అనిపిస్తుంది. అంతలోనే వద్దులే అనుకుంటాను. చెప్పినా వినే రకమా అది?