మోచెయ్యి బాగైందని నేనే చెప్పాను

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, రెండున్నరేళ్ల కిందట నేను ఇదే మైకు పట్టుకుని మీ ముందు ఒక సాక్ష్యం చెప్పాను, మీరందరూ హల్లెలూయా అని చప్పట్లు కొట్టారు. ఆ సాక్ష్యం నిజం కాదు. ఆ మాట ఒప్పుకోవడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

నా భర్త మిన్‌హో మీకు తెలుసు, మన ఆవకాయ మనకంటే ఎక్కువ తినే కొరియా మనిషి! కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను, ఆయన కొరియాలో ఎనిమిదేళ్లు ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడారు, రిలీఫ్ పిచ్చర్, అంటే మొదట బంతి విసిరినవాడు అలసిపోతే మధ్యలో వెళ్లి విసిరేవాడు. పిలుస్తారో లేదో తెలియకుండా ప్రతి ఆటకూ చెయ్యి సిద్ధం చేసుకుని కూర్చోవాలి. అమెరికా వచ్చి చిన్న లీగ్‌లో ఆడుతూ పెద్ద లీగ్ పిలుపు కోసం చూస్తుండగానే ఇక్కడ ఈ ట్రాయ్ ఊళ్లో మా పెళ్లయింది, పాప పుట్టింది, ఆ తర్వాత మోచెయ్యి నొప్పి మొదలైంది.

మీరందరూ మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించారు. నాలుగో రోజు ఆయన బంతి విసిరొచ్చి కొంచెం బెటర్‌గా ఉందన్నారు. ఆ కొంచెం నా చెవికెక్కలేదు! ఆదివారం లేచి, ప్రభువు నా భర్తను సంపూర్ణంగా స్వస్థపరిచాడని చెప్పేశాను, ఆయన్ని ముందుకు పిలిచి చెయ్యి కూడా ఎత్తించాను. ఎత్తారు పాపం.

ఆ రోజుతో ఆయనకు నొప్పి అని చెప్పుకునే దారి నేనే మూసేశాను. డాక్టర్ ఇచ్చిన నొప్పి మాత్రలు ఒకటి రెండయ్యాయి, రెండు నాలుగయ్యాయి, డాక్టర్ ఆపేస్తే ఎక్కడెక్కడివో తెచ్చుకున్నారు, నేనేమో మీరు అడిగినప్పుడల్లా దేవుని కృప, బాగున్నారు అన్నాను. చివరికి ఆట మధ్యలో మోచేతి లోపలి లిగమెంట్ తెగిపోయింది, టీమ్ పంపేసింది. ఆట పోయినా మాత్రలు పోలేదు.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నేను హాల్లో బిర్యానీ వడ్డిస్తున్నాను, నిద్రపోతున్న పాపకు తోడుగా ఆయన కార్‌లో కూర్చున్నారు. ఎవరో పరుగున వచ్చి పాప ఏడుస్తోందన్నారు. వెళ్లి చూస్తే పాప వెనక సీట్లో డాడీ, డాడీ అని అరుస్తోంది, ముందు సీట్లో నా భర్త మాత్రలు ఎక్కువై స్పృహ లేకుండా ఉన్నారు, పెదాలు నీలంగా ఉన్నాయి.

హాస్పిటల్‌లో నేను చేసిన ప్రార్థన ఇంతే: “ప్రభువా, ఆ చెయ్యి నాకొద్దు, మనిషినివ్వు. నా నోరు చేసిన తప్పుకు ఆయన్ని తీసుకోవద్దు.” పక్కనే ఉన్న పాస్టరమ్మగారు కన్నీళ్లు తుడుచుకుంటూ, “ఆ చేతి కోసం ఎంత ప్రార్థించామమ్మా, ఆ మనిషి ఎలా ఉన్నాడని ఒక్కరం కూడా అడగలేదు” అన్నారు.

ఆయన కళ్లు తెరిచి, “నువ్వు అందరికీ చెప్పేశావ్. నిన్ను అబద్ధాలకోరుని చేయలేకపోయాను” అన్నారు. సహోదరులారా, ఆ మాటకు నా గుండె పగిలిపోయింది! నన్ను క్షమించమని ఏడ్చాను. అప్పుడాయన నా చెయ్యి పట్టుకుని ప్రార్థించారు: “తండ్రీ, నొప్పిగా ఉంది. చాలా రోజులుగా ఉంది. దాచి దాచి అలసిపోయాను.”

ఆ ప్రార్థన దగ్గరే దేవుడు పని మొదలుపెట్టాడు. ఒక్క రోజులో అయిపోలేదు, ఈసారి నేను తొందరపడి చెప్పను. మూడు నెలలు ట్రీట్‌మెంట్ సెంటర్‌లో ఉన్నారు, ఇంటికొచ్చాక ఒకసారి మళ్లీ ఆ మాత్రల్లో పడిపోయారు, మళ్లీ లేచారు, ఇప్పటికి తొమ్మిది నెలలుగా ఆ మాత్ర ముట్టలేదు, దేవునికే మహిమ! చెయ్యి మాత్రం బాగవ్వలేదు. పాపను ఎత్తుకోవాలన్నా ఎడమ చెయ్యే. టీవీలో ఆట వస్తే గదిలోంచి లేచి వెళ్లిపోతారు, అది చూస్తే నాకు ఇప్పటికీ దుఃఖం ఆగదు.

మీలో ఇంకా బాగుపడని గాయంతో కూర్చుని, పక్కవాళ్ల విశ్వాసం చెడుతుందేమోనని నవ్వుతున్నవాళ్లెవరైనా ఉంటే, దయచేసి ప్రభువు దగ్గరికి ఉన్నదున్నట్టుగా రండి, ఆయన మీ మాట వింటాడు, మిమ్మల్ని తోసేయడు. ఈ ఉదయం బయల్దేరే ముందు చెయ్యి నొప్పిగా ఉందా అని మా ఆయన్ని అడిగాను. ఉందన్నారు. ఆ మాట నాతో చెప్పగలిగినందుకు నా దేవునికి వందనాలు. ఆమేన్.