వెదురు బుట్టలో పడని చీటీ

ఏప్రిల్ సగం దాటితే మా కౌంటర్ కిటికీలోంచి మామిడి సొన వాసన వస్తుంది. కాయలు కోసి నేరుగా వచ్చినవాళ్ళ చేతులకు, చొక్కాలకు, చివరికి వాళ్ళిచ్చే ఆధార్ జిరాక్సు కాగితానికి కూడా ఆ ఘాటు అంటుకునే ఉంటుంది. మొన్న ఒక ముసలామె అలాంటి కాగితం నా ముందు పెట్టింది. పేరు రాసుకుంటూ ఉండగానే నా చెయ్యి ఆగిపోయింది. పదకొండేళ్ళ కిందట ఇదే వాసన ఉన్న ఒక చీటీ నా రిజిస్టర్ కింద ఉండిపోయింది. అది మా నర్సు సువార్త సిస్టర్‌కు అందలేదు. అందలేదని తెలిసినవాణ్ణి నేను. అడగాల్సినవాళ్ళు అడిగినప్పుడు ఆ మాట చెప్పలేదు. సువార్త సిస్టర్ ఒక ముసలాయనను గంటల తరబడి కూర్చోబెట్టిందని మా పాత సిబ్బందిలో కొందరు ఇప్పటికీ అంటూ ఉంటారు. అది అబద్ధమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయను. నూజివీడు తోటల మధ్య ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి. తప్పు దానిది కాదు.

క్యాజువాలిటీ ముందు చీటీలు రాసే ఉద్యోగం నాది. మూత్రం పైపు మూసుకుపోయినా, చెవిలో పురుగు దూరినా, కుట్లు విప్పాలన్నా ముసలివాళ్ళు అక్కడికే రావాలి. ప్రాణం మీదికొచ్చినవాళ్ళను ముందు చూస్తారు. అది న్యాయమే. కానీ అలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. మామిడి కోతల్లో అయితే చెట్టు మీద నుంచి పడినవాళ్ళు, ఆటోలు గుద్దుకున్నవాళ్ళు. దాంతో పది నిమిషాల పని కోసం వచ్చిన ముసలివాళ్ళు పొద్దుట వచ్చి సాయంత్రం దాకా బెంచీ మీదే ఉండేవారు. "కూర్చోండి, పిలుస్తారు" అనడం తప్ప నేను చేసేది ఏమీ లేదనుకునేవాణ్ణి.

సువార్త సిస్టర్ డ్యూటీలో చేరిన వారం రోజులకు, మధ్యాహ్నం పన్నెండింటప్పుడు, బెంచీ చివర కూర్చున్న ఒక ముసలామె దగ్గర ఆగింది. ఆమె ఉంగరపు వేలు వాచి వంకాయ రంగులోకి వచ్చింది.

"ఎప్పుడొచ్చారు మామ్మగారూ?"

"బాపులపాడు నుంచి పొద్దున్నే మొదటి బస్సుకొచ్చానమ్మా. ఈ అబ్బాయి కూర్చోమన్నాడు, కూర్చున్నా. పాపం, మధ్యలో ఇంకోసారి కూడా కూర్చోమన్నాడు."

సిస్టర్ నా వైపు చూడకుండా సబ్బు నీళ్ళు, దారం తెప్పించింది. వేలి చుట్టూ దారం బిగించి చుట్టి, ఉంగరం కిందనుంచి కొస లాగుతూ మెల్లగా తిప్పింది. రెండు మూడు నిమిషాల్లో ఉంగరం ఊడి వచ్చింది. ముసలామె దాన్ని కొంగున ముడేసుకుంటూ, "దారమైతే మా ఇంట్లోనే ఉంది గదమ్మా, ఇంత దూరం బస్సెందుకు ఎక్కినట్టు?" అంది. బెంచీ అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం సిస్టర్ ఒక చిన్న వెదురు బుట్ట తెచ్చి నా కౌంటర్ మీద పెట్టింది. "ప్రసాదూ, మా నాన్న మామిడి మార్కెట్లో కాయలు ఏరేవాడు. బండి ఎప్పుడొచ్చిందని అడిగేవాడు కాదు. కుప్ప పోయించి, ఒక్కో కాయ పట్టుకు చూసేవాడు. మాగింది ముందు పోవాలని పక్కకు తీసేవాడు. ముసలివాళ్ళ చిన్న పనుల చీటీలు ఇందులో వెయ్యి. నేను అరగంటకోసారి వచ్చి తీసుకుంటా."

"వరస తప్పిస్తే బయట గొడవ అవుద్దండీ."

"గొడవ చేసేవాళ్ళని నా దగ్గరికే పంపు. వాళ్ళకీ ఏదో చిన్న పని ఉండే ఉంటుంది."

విరిగిన మంచాలు పడేసిన గదిని తానే కడిగించుకుంది. సిస్టర్లు చేయదగ్గ పనులన్నీ అక్కడ చేయడానికి డ్యూటీ డాక్టరు సంతకం పెట్టారు. నెల తిరిగేసరికి పొద్దున పది గంటలకల్లా ముసలివాళ్ళ బెంచీ ఖాళీ అయ్యేది. కళ్ళెత్తి మనిషిని చూడడం, "ఏం జబ్బు" అని కాకుండా "ఏం కావాలి" అని అడగడం నేను ఆ బుట్ట ముందు కూర్చునే నేర్చుకున్నాను. నేర్చుకున్నాననే అనుకున్నాను.

రెండేళ్ళ తర్వాత మే నెలలో ఒక ఉదయం కోటయ్య తాత వచ్చాడు. చాట్రాయి వైపు ఒక తోటకు కాపలా ఉండే మనిషి. "రాత్రి నుంచి పైపులో బొట్టు దిగలేదయ్యా" అన్నాడు. చీటీ రాశాను. బుట్టలో వేయబోతుండగా కూలీల ట్రాక్టర్ బోల్తా పడిందని కేకలు, వెనకే స్ట్రెచర్లు. రిజిస్టర్ తెరిచి ఆ చీటీ మీదే పెట్టి, గాయపడినవాళ్ళ పేర్లు రాయడంలో పడ్డాను. వాళ్ళ బంధువులతో బెంచీలన్నీ నిండిపోయేసరికి తాత స్తంభం వెనక మంచినీళ్ళ డ్రమ్ము పక్కకు వెళ్ళి కూర్చున్నాడు. సిస్టర్ నెత్తుటి గ్లవుజులతోనే రెండుసార్లు తలుపు దాకా వచ్చింది.

"బుట్టలో ఎవరూ లేరా ప్రసాదూ? బెంచీలు చూశావా?"

"చూశానండీ. ఎవరూ లేరు."

నేను చూడలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు తాత స్తంభానికి జారగిలబడి కింద పడ్డాడు. సిస్టర్ పరుగెత్తుకొచ్చి పైపు మార్చింది. పది నిమిషాలు పట్టింది. తాత నాలుగు రోజులు జ్వరంతో మంచం మీదే ఉండి కోలుకున్నాడు. ఆ సాయంత్రం రిజిస్టర్ మూస్తుంటే చీటీ కనపడింది. మడిచి జేబులో పెట్టుకున్నాను.

తాత కొడుకు ఫిర్యాదు చేశాడు. మేనేజర్ మా ఇద్దరినీ పిలిచి, "చీటీ సిస్టర్‌కి అందిందా?" అని నన్ను అడిగారు. నాది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. పై నెలలోనే పొడిగించాలి. నేను తల దించుకున్నాను. ఆయన దాన్ని అవుననే తీసుకున్నారు. సిస్టర్ నన్ను ఒక్కసారి చూసి, "గది నాదండీ. బెంచీలు నేనే వచ్చి చూసుకోవాల్సింది" అంది. వృద్ధ రోగిని నిర్లక్ష్యంగా నిరీక్షింపజేసినందుకు అని ఆమెకు మెమో ఇచ్చారు. ముసలివాళ్ళ నిరీక్షణ తీర్చిన ఏకైక మనిషి ఫైల్లో ఆ వాక్యం ఉండిపోయింది. గదికి తాళం పడింది. చాట్రాయి వైపు మా చిన్న క్లినిక్‌కు ఆమెను పంపేశారు. వెళ్తూ, "బుట్ట నీ దగ్గరే ఉండనీ" అంది. నేను దాన్ని టేబుల్ కిందికి నెట్టేశాను.

తర్వాత జరిగింది నాకు రిజిస్టర్లోనే కనపడింది. ఏడాది, రెండేళ్ళు గడిచేసరికి చాట్రాయి వైపు ఊళ్ళ ముసలివాళ్ళ చిన్న పనుల చీటీలు తగ్గుతూ వచ్చి, చివరికి ఆగిపోయాయి. మా మీద కోపమొచ్చి మానేశారనుకున్నాను. ఆ వైపు నుంచి కంటి పరీక్షకు వచ్చిన ఒకాయనను అడిగాను. "సిస్టరమ్మ పొద్దున్నే అరుగు మీద అందర్నీ ఏరి చూసేస్తుందయ్యా. తొమ్మిదింటికి తోటలో ఉంటాం. మీ బెంచీల మీద మీరే కూర్చోండి" అన్నాడు. ఆ మాట నన్నే తిట్టినా నాకు పండగలా అనిపించింది. ఆమె ఓడిపోలేదు. అయినా నేను నోరు తెరవలేదు.

ఈ ఏడాది కొత్తగా వచ్చిన సూపరింటెండెంట్ మేడమ్ నా రిజిస్టర్లు తిరగేసి, "ప్రసాద్ గారూ, చాట్రాయి వైపు ముసలివాళ్ళకి జబ్బులు రావా?" అని అడిగారు. కారణం చెప్పాను. ఆవిడ స్వయంగా వెళ్ళి చూసొచ్చి, పాత గది తెరిపిస్తానని, దాన్ని సువార్త సిస్టర్‌కే అప్పగిస్తానని మీటింగులో చెప్పారు. ఆఫీసు మనిషి ఒకాయన ఫైలు తెరిచాడు. "ఆవిడ మీద మెమో ఉంది మేడమ్. ముసలాయన్ని ఏడు గంటలు కూర్చోబెట్టేసిందని."

"కూర్చోబెట్టింది నేనండీ" అన్నాను.

మర్నాడు ఇంట్లో దాచిన చీటీ తెచ్చి, జరిగిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మేడమ్ చదివి, "ఇంతకాలం ఎందుకు దాచారు?" అన్నారు.

"మొదట భయమండీ. తర్వాత అలవాటైపోయింది."

సిస్టర్ మీద ఉన్న మెమో రద్దయింది. నాకు కొత్తగా ఒకటి వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను సంతోషంగా సంతకం పెట్టిన కాగితం అదే.

గది తెరిచిన రోజు సిస్టర్ సగం నెరిసిన జుట్టుతో వచ్చింది. రిబ్బన్ కత్తిరించమంటే, "ఆ కత్తెర ఇటివ్వండి, కుట్లు విప్పాల్సినాయన ఉన్నాడు" అని లోపలికి వెళ్ళిపోయింది. నేను బుట్ట దులిపి కౌంటర్ మీద పెట్టాను. ఆ పూట అరగంటకోసారి లేచి స్తంభం వెనక కూడా చూసొచ్చాను. ఇప్పటికీ అలాగే చూసొస్తున్నాను. పది గంటలకు ఆయా చీపురు పట్టుకొచ్చింది. ఎవరినీ కాళ్ళెత్తమనే పని లేకుండా బెంచీ కిందంతా ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది. మేడమ్ గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టారు. మేమంతా కొట్టాం.

మధ్యాహ్నం సిస్టర్ ముందుకు వెళ్ళి నిలబడ్డాను. నేను మొదలుపెట్టకముందే ఆమె అంది: "నాకు తెలుసులే. నువ్వు తల దించుకున్న రోజే తెలిసింది."

"మరి అప్పుడే చెప్పలేదేంటండీ?"

"చెప్తే నీ ఉద్యోగం పోయేది. నాది ఊరు మారింది, అంతేగా." గ్లవుజులు విప్పి బకెట్లో వేసింది. "నాకు చెప్పాల్సింది మేడమ్ ముందు చెప్పేశావు. ఆ రోజు స్తంభం వెనక కూర్చున్నది నేను కాదు కదా ప్రసాదూ. ఆదివారం ఖాళీయేనా?"

ఆదివారం ప్రార్థన అయ్యాక సిస్టర్ నన్ను చాట్రాయి బస్సెక్కించింది. కోటయ్య తాత తోటలో పాక కింద కాయలు ఏరుతున్నాడు. నడుం వంగిపోయింది కానీ చేతులు చురుగ్గానే ఉన్నాయి. చుట్టూ పదిమంది కూలీలు. నేను దగ్గరగా కూర్చుని మెల్లగా చెప్పాను. తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపళ్ళా అబ్బాయ్, గట్టిగా చెప్పు" అన్నాడు. కూలీల చేతులు ఆగిపోయాయి. సిస్టర్ వైపు చూశాను. ఆమె ఒక కాయ చేతిలోకి తీసుకుని తొడిమ చూస్తోంది. నేను లేచి నిలబడి, పాకంతా వినపడేలా చెప్పాను.

"తాతా, ఆ రోజు నీ చీటీ నా దగ్గరే ఉండిపోయింది. సిస్టర్ తప్పేం లేదు. నిన్ను ఏడు గంటలు నొప్పితో కూర్చోబెట్టింది నేనే. నన్ను క్షమించు."