యాదగిరి సార్ పంపిన నిన్నటి మెయిల్

ఫోన్‌లో మెయిల్ వచ్చిన ‘టింగ్’ చప్పుడు వినపడితే చాలు, నా చూపు ముందు గోడ గడియారం మీదికి పోతుంది, తర్వాతే మెయిల్ మీదికి. ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ. ఈ అలవాటు నాకు అంటించింది యాదగిరి సార్.

తొంభైల చివర్లో మా కంపెనీ హైటెక్ సిటీ దగ్గర ఇంకా సిమెంటు వాసన పోని కొత్త భవనంలోకి మారింది. అక్కడ కంప్యూటర్లన్నీ చూసుకునే పెద్ద యాదగిరి సారే. దగ్గర్లోని గోపన్‌పల్లి మనిషి. స్కూటర్ దిగాక నడిచేవారు కాదు, దాదాపు పరుగే. ఏదైనా చెడిపోయిందంటే ఆయనకు పండగ. నేనేమో కాకినాడ నుంచి వచ్చిన కొత్త ఉద్యోగిని. ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ వారమే రావాలి.

సరిగ్గా అప్పుడే ఇరుక్కున్నాను. ఒక పొరపాటు వెంటనే సరిచేయమని అమెరికా కస్టమర్ నుంచి మెయిల్ వచ్చింది. పొద్దున నేను సీట్లో ఉండగానే వచ్చింది. గంటలో సరిచేసి పంపాను కూడా. భోజనాలకు ఇంకా లేవకముందే మేనేజరు ప్రసాద్ గారు వచ్చి నా తెర మీద వేలు పెట్టారు.

“ఏమ్మా, నిన్న సాయంత్రం వచ్చిన మెయిల్ కదా ఇది? ఇవాళ దాకా చూడలేదంటే, నీ ఉద్యోగం ఖాయం చెయ్యమని నేనెలా రాయను?”

చూస్తే నిజంగానే నిన్నటి తేదీ. “లేదండీ, పొద్దున నా కళ్ల ముందే వచ్చిందండీ” అన్నాను. నా మాట నాకే అబద్ధంలా వినపడింది.

పక్క వరసలో వైర్లు సర్దుతున్న యాదగిరి సార్ లేచారు. “జర ఆగుండ్రి సార్. పిల్ల అబద్ధం చెప్తుందో, మిషన్ చెప్తుందో, ఒకటి పంపి చూద్దాం” అంటూ సర్వర్ గదిలోకి ఉరికారు. లోపలినుంచే కేక వేశారు: “బిడ్డా, గోడ గడియారం చూడు! పంపుతున్న!”

టింగ్. అప్పుడే పంపిన మెయిల్ మీద నిన్న రాత్రి టైము!

“నిన్న వచ్చింది సార్!” అని అరిచాను. ఆఫీసంతా గొల్లున నవ్వింది. ‘నాకొకటి పంపండి’, ‘నాకూ’ అని ఒకటే గోల. ప్రసాద్ గారి కంప్యూటర్‌కు పంపినదీ నిన్ననే వచ్చింది.

యాదగిరి సార్ పరుగున వచ్చి నా తెర మూలనున్న గడియారాన్ని తెరిచారు. టైము మనదే. ఏ దేశమో ఎంచుకునే చోట మాత్రం అమెరికా ఉంది.

“దొంగ దొరికిండు!” అని చప్పట్లు కొట్టారు. “కొత్త మిషన్‌ల అమెరికానే ఉంటది. నేను టైం మార్చిన, దేశం మార్చుడు మర్చిపోయిన. అందుకే బయటి నుంచి గానీ, సర్వర్ నుంచి గానీ వచ్చిన మెయిల్‌కు అమెరికా టైం చూపెడుతుంది. ఈ మిషన్లన్నీ పెట్టింది నేనే సార్. తప్పు నాదే, పిల్లది కాదు!”

అంత సంబరంగా తన తప్పు చెప్పుకున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. వరస వరసా తిరిగి ఒక్కో మిషన్ సరిచేస్తూ, ప్రతి సీటు దగ్గరా అదే మాట చెప్పారు. ప్రసాద్ గారు ‘సారీ అమ్మా’ అన్నారు. నా కాగితం సాయంత్రానికే వచ్చింది. నాకు గాల్లో తేలినట్టుంది.

“అందరి ముందూ అలా చెప్పేశారేంటండీ? ఎవరైనా ఏమైనా అంటే?” అని యాదగిరి సార్‌ని అడిగాను.

“అననీ బిడ్డా. తప్పు ఏడున్నదో తెలిసింది, ఇగ ఫికరేంది?”

ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. ఎవరైనా ఆలస్యం చేశారని ఫిర్యాదు వస్తే, ముందు వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను. ఒకటి పంపి చూద్దాం అంటాను. ఒక్కోసారి తిరిగి తిరిగి తప్పు నా దగ్గరే తేలుతుంది. ‘తప్పు నాదే’ అని ఒప్పుకుంటాను. ఒప్పుకుంటాను గానీ, ఆఫీసంతా వినపడేలా ఆయన అన్నంత గట్టిగా ఇంకా అనలేకపోతున్నాను.