గుడ్డ వెనక రెండు ముద్రలు

ఆ కార్డు మీద అబద్ధం రాసి ఉంది. ఇంగ్లీషు కంపెనీకీ ఫ్రెంచి కంపెనీకీ మన గడ్డ మీద జరిగిన యుద్ధానికి కారణం నవాబుల వారసత్వ తగాదాలట. పాపం, ఆ కంపెనీలు రెండూ తప్పనిసరై అందులో దిగాయట.

నేను దాన్ని చూసింది ఇంగ్లండులో న్యూకాసిల్ వెళ్ళే దారిలో, ఒక చిన్న ఊరి మ్యూజియంలో. మా అమ్మాయి కారు నడుపుతోంది. వాన పెద్దదై, టీ తాగుదామని ఆగాం. టీ దొరికేది మ్యూజియం లోపలే కాబట్టి వెళ్ళాను, లేకపోతే ఈ గొడవే లేదు.

అద్దం వెనక మా గుడ్డ, దాని కింద ఆ కార్డు. బందరు అద్దకం. ఎనిమిదో తరగతితో బడి మానేసి మా నాన్న పక్కన నిలబడి అచ్చులు వేసినవాణ్ణి నేను. ఇక్కడికొచ్చాక ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసి, సెలవు రోజుల్లో లండన్ పక్క హౌన్స్‌లో అనే పేట లైబ్రరీలో కూర్చుని చరిత్ర చదువుకున్నాను. ఆ ఎరుపు చూడగానే కాళ్ళు ఆగిపోయాయి. ఇన్ని తరాల తర్వాత కూడా ఇప్పుడే బానలోంచి తీసినట్టుంది. అది రావాలంటే గుడ్డను కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెట్టాలి. పటిక అద్దాలి. పారే కాలవలో ఉతికి, ఎరుపునిచ్చే వేర్లు వేసి ఉడికించాలి. నిలవ నీళ్ళలో ఉతికితే పటిక పాకి పువ్వు అంచు చెదిరిపోతుంది. ఓడలు ఎన్నయినా కట్టుకోవచ్చు, ఫిరంగులు ఎన్నయినా పోసుకోవచ్చు. ఆ కాలవను మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేరు.

కారెక్కగానే ఉత్తరం రాస్తానన్నాను.

"యుద్ధం ఎప్పుడో అయిపోయింది నాన్నా. ఇప్పుడెవరి మీద కంప్లైంటు?"

"ఆ కార్డు మీద."

"కార్డేం చేసింది?"

"తప్పంతా నవాబుల మీద తోసింది."

"రోజూ నువ్వు తిట్టేది వాళ్ళనేగా."

"నేను తిట్టొచ్చు. వీళ్ళు తిట్టకూడదు."

నవాబులు కొట్టుకోలేదని నేననను. కొట్టుకున్నారు. అన్నదమ్ముల తగాదా లేని ఊరేది? అసలు కారణం వేరు: ఒకటే రేవు, ఒకటే గుడ్డ, కొనే కంపెనీవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరికీ సొంత దేశాల్లోనే ఎన్నాళ్ళనుంచో పగ. మనవాళ్ళ తగాదా వాళ్ళకు తెరిచి దొరికిన తలుపు. ఇదంతా మ్యూజియానికి రాశాను. మీ ఆసక్తికి ధన్యవాదాలు అని అచ్చేసిన జవాబొకటి వచ్చింది.

నాకు మండింది. రెండో ఉత్తరంలో చరిత్ర జోలికి పోలేదు. మా పని గురించి రాశాను. ఆఖరి ఉతుకు అయ్యాక కొన్నవాడి ముద్ర గుడ్డ చివర, వెనకవైపు వేస్తారు. మీరు ముందువైపే చూస్తున్నారు, ఒక్కసారి తిప్పి చూడండి అన్నాను.

రమ్మన్నారు. గుడ్డల విభాగం చూసే ఆవిడ నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళింది. చేతులకు తొడుగులు వేసుకుని, నిద్రపోతున్న పసిపిల్లను పొర్లించినంత మెల్లగా ఆ చివరను తిప్పింది.

సగం గీకేసిన ఫ్రెంచి ముద్ర. దాని మీదే, కొంచెం వంకరగా, ఇంగ్లీషు ముద్ర.

 బందరు కోట మొదట ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేదని, తర్వాత ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారని పుస్తకాల్లో చదివాను. అక్కడ అదంతా నా బొటనవేలంత మేర గుడ్డ మీద ఉంది. దాని పక్కన, అచ్చులో రంగు సరిపోయిందో లేదోనని అద్దేవాడు అంచున ఒకసారి నొక్కి చూసుకున్న గుర్తు. మా నాన్న అచ్చంగా అలాగే నొక్కేవాడు. ముద్రలు రెండు పడ్డాయి, అద్దిన చెయ్యి మాత్రం ఒక్కటే.

"దీన్ని ఇంతవరకూ ఎవరూ తిప్పలేదు," అంది ఆవిడ.

ఇంటికొచ్చి మూడో ఉత్తరం రాశాను. కార్డు మారుస్తారా, మార్చరా? ఒక్క ముక్కలో చెప్పండి అన్నాను. ఆరు వారాలు ఉలుకూ పలుకూ లేదు. అమ్మాయి రోజూ సాయంత్రం, "ఫ్రెంచివాళ్ళకైనా రాయకపోయావా నాన్నా" అని ఏడిపించేది.

నిన్న జవాబొచ్చింది. "కార్డు తీసేశాం. గుడ్డను ఇప్పుడు వెనకవైపు కనిపించేలా తిప్పి పెట్టాం. కొత్త కార్డు రాయబోతే, ఆ పని తెలిసినవాళ్ళు మాలో ఎవరూ లేరని అర్థమైంది. దయచేసి మీరే రాసి పంపండి. యాభై మాటలు దాటకూడదు. మీ ఉత్తరాలు చూశాం కాబట్టి ముందే చెబుతున్నాం."