పెండ్లి ప్యాకేజీలో లేని ఫొటో

కరీంనగర్‌లో కూర్చుని నేనొక సాఫ్ట్‌వేర్ తయారుచేశాను. పెండ్లి కార్డయినా, దశదినకర్మ కార్డయినా అందులో చిటికెలో డిజైన్ చేసుకోవచ్చు. మొదట కొన్నది బెల్లంపల్లిలో కార్డుల షాపు నడిపే ఒక అక్క. వారం తిరక్కుండానే ఫోన్ చేసింది.

"తమ్మీ, గిది సగందాక ఎక్కి ఆగిపోతుంది. జాగా లేదంటుంది. పెండ్లిళ్ల సీజన్ ముంగటున్నది. నీతోని కాకుంటె చెప్పు, నా పాతదానితోనే ఎల్లదీసుకుంట."

ఆమె కంప్యూటర్ ముసలిది. నాకేమో ఉన్న ఒక్క కస్టమర్ ఆమే. అందుకని ఎవరికి కావలసింది వాళ్లు ఎక్కించుకునేలా సాఫ్ట్‌వేర్‌ను ముక్కలు చేయాలనుకున్నాను. రెండు రోజులు కాగితాలు ఖరాబు చేసి మూడు ప్యాకేజీలు తేల్చాను. అక్షరాలు, ప్రింటింగ్ అందరికీ కావాలి కాబట్టి అసలు ప్యాకేజీలో, వాటితోపాటు నాకిష్టమైన విలాయతి గులాబీల అంచులు కూడా. దేవుళ్లు, తోరణాలు, సన్నాయి మేళం పెండ్లి ప్యాకేజీలో. గుండ్రటి ఫొటో ఫ్రేములు, 'కీ.శే.' అనే అక్షరాలు కర్మ ప్యాకేజీలో. నా తెలివికి నేనే మురిసిపోయి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బెల్లంపల్లి బస్సెక్కాను.

అసలు ప్యాకేజీ, పెండ్లి ప్యాకేజీ చక్కగా ఎక్కాయి. పెండ్లిళ్ల సీజనే కదా అని కర్మ ప్యాకేజీ ఎక్కించలేదు. అక్క సంతోషంగా చాయ్ తెప్పించింది. చాయ్ సగంలో ఉండగా ఒక పెద్దమనిషి బిడ్డ పెండ్లి కార్డు కోసం వచ్చాడు. జేబులోంచి భార్య ఫొటో తీసి, ఆశీస్సుల కోసం కార్డు పైభాగంలో పెట్టమన్నాడు. ఆమె పోయి రెండేళ్లయిందట. అక్క ఫ్రేము కోసం నొక్కింది. తెర నిండా ఇంత లావు అక్షరాలు వచ్చాయి: "ముందు దశదినకర్మ ప్యాకేజీ ఎక్కించండి."

ఆ వాక్యం రాసింది నేనే. పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు.

"పెండ్లి పని మొదలువెట్టంగనే గా మాటేంది?"

పోయినవాళ్ల ఆశీస్సులు లేకుండా మా వైపు పెండ్లి కార్డు అచ్చుకు పోదు. నా పెండ్లి కార్డులోనూ అప్పటికే పోయిన మా బాపు ఫొటో ఉంది. అయినా నాకు తట్టలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అక్క ఆయన్ను బతిమాలి కూర్చోబెట్టి నా మీద పడింది.

"పోయినోళ్లు కర్మ కార్డులల్లనే ఉంటరా తమ్మీ? అన్నిట్ల ఉంటరు. వాళ్లను అసలు దాంట్ల పెట్టు."

"జాగా సాలదక్కా."

"గా విలాయతి గులాబి పూలు నిన్నెవరడిగిండ్రు? తీసెయ్."

ఆ గులాబీలు నేను ఎంతో ముచ్చటపడి పెట్టుకున్నవి. అయినా తీసేశాను. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి ఫ్రేములను, 'కీ.శే.'ను అసలు ప్యాకేజీలోకి తెచ్చాను. గంటన్నర పట్టింది. పెద్దమనిషి రెండు చాయ్‌లు తాగి, మూడోసారి "అయిందా?" అని అడిగే లోపల నమూనా కార్డు బయటికి వచ్చింది.

ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగొచ్చింది. మొదటి పిలుపు గీమెకే. ఇంట్ల ఫొటో ముంగట పెడ్త."

ఆయన నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ అక్క చూస్తుందని చాయ్ గ్లాసు వెనక దాక్కున్నాను.

ఇప్పుడు చాలా షాపుల్లో నా సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. తోరణాలు వద్దంటే తీసేసుకోవచ్చు, సన్నాయి మేళం వద్దంటే తీసేసుకోవచ్చు. పోయిన పెద్దలున్న అసలు ప్యాకేజీని మాత్రం తీసేసే వీలు పెట్టలేదు.