కోత పండుగ వేలంలో ఒంటెల వైద్యం

పుస్తకాలు మనిషిని ఉద్ధరిస్తాయనే ప్రసంగాలు కృపానందం దగ్గర పనికిరావు. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసే ఈ మనిషి, కొన్న పుస్తకాల్లో సగం చదవడు. సెలవు దొరికితే ఉప్పల్ పాత పేపర్ల దుకాణాల్లో దూరి, ఎవరికీ అక్కర్లేనివి ఏరుకొస్తాడు. తలకిందులుగా కుట్టిన వ్యాకరణం, ఎప్పుడో మూతపడ్డ సర్కస్ కంపెనీ నియమావళి అలా దొరికినవే. వాసన చూస్తాడు, అచ్చుతప్పులకు నవ్వుకుంటాడు, అట్ట వేస్తాడు. అదే సుఖం.

అన్నిటికంటే ప్రాణం, ఒంటెల వైద్యం మీద ఓ సన్నటి తెలుగు పుస్తకం. ఒంటెలే లేనిచోట దాన్ని ఎవరు రాశారో, ఎవరు కొన్నారో! మరో ప్రతి ఉన్నట్టు అతను వినలేదు.

2008లో ఇంటికి సున్నం వేస్తుంటే, మరక పడకుండా దాన్ని వంటింట్లో ఖాళీ బిస్కెట్ల అట్టపెట్టెలో, అడుగున పేపరు కింద దాచాడు. ఆదివారం ఓవర్‌టైం ముగించుకొని వచ్చేసరికి పెట్టె లేదు.

"కోత పండుగకు సొరకాయలు వెట్టి పంపిన," అంది భార్య హన్నా. "అండ్ల బుక్కు ఉన్నదని నాకేం ఎరుక?"

కోత పండుగంటే ఇంటింటి నుంచి కూరగాయో, కోడో, పిండివంటో చర్చికివ్వడం, వాటిని అక్కడే వేలం వేయడం. దేవుడికిచ్చింది వెనక్కి అడగకూడదు. కావాలంటే పాడుకోవాలి.

ఉరికాడు. పెట్టె అప్పటికే బల్లమీదుంది. కృపానందం పాట పెట్టగానే అక్క మొగుడు టిమోతి పెంచాడు.

"ఇంటి సొరకాయలు ఇంటాయనే పాడుకుంటుండు, సూడున్రి!" అని అరిచాడు.

అందరూ నవ్వారు. పాస్టరు గారు మాత్రం ఇది గొప్ప విశ్వాసమని మెచ్చుకుని, బైబిల్లోంచి ఓ వాక్యం కూడా చదివారు. టిమోతి సరదాకి పెంచుతూనే ఉన్నాడు. ఆ ధరకు సొరకాయల తోటే వచ్చేట్టుంది.

కృపానందం పక్కకు జరిగి చెవిలో అన్నాడు: "ఊకో బావా, నీ కాళ్ళు మొక్కుత. అడుగున నా ఒంటెల బుక్కుంది."

"ఏందీ, ఒంటెలా? ముందుగాల జెప్పొద్దారా బామ్మర్ది!" టిమోతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. వేలం వేస్తున్న సంఘ పెద్ద, కృపానందం పాట మీదే మూడోసారి బల్ల చరిచాడు.

కృపానందం పెట్టెను మూలకు మోసుకెళ్ళి, సొరకాయలు తీసి, పేపరు ఎత్తాడు. ఉంది. కాస్త మట్టి అంటింది తప్ప, ఒంటె దగ్గు నుంచి ఒంటె గజ్జి దాకా అన్ని పేజీలూ క్షేమం. తుడిచి చొక్కాలో దోపుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదని.

సొరకాయలు మళ్ళీ తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇంకోపారి పాట వెట్టున్రి పెద్దాయనా. ఈపారి నేను నోరు దెరవ."