తొంభై ఏడుకే మరిగిన నీళ్లు

నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయని కొరాపుట్‌లో నేను పనిచేసే బడిలో పదకొండేళ్లు పిల్లల చేత రాయించాను. ఒక్క ఏడాదీ నూరు నా కంటబడలేదు. పాదరసం తొంభై ఏడు దాకా ఎక్కి, ఇక నా వల్ల కాదన్నట్టు అక్కడే కూర్చునేది. కారణం తెలియక కాదు. మా ఊరు కొండ మీదుంది, గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు ముందే మరుగుతాయి. ఆ పాఠం చెప్పేదీ నేనే. కానీ పాఠం పాఠమే, రికార్డు రికార్డే. "ఎంత వచ్చినా నూరే రాయండి, పరీక్షకొచ్చే మాస్టర్లకి అదే ఇష్టం" అని ముందే చెప్పేసేవాణ్ని.

మా అమ్మ బొబ్బిలి నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో కందిపప్పు ఎంతకీ ఉడకకపోతే కిరాణా కొట్టాయన్ని తిట్టేది. "పాత సరుకు అంటగట్టేడు సచ్చినోడు!" కింద నుంచి వచ్చిన తెలుగువాళ్ల ఇళ్లన్నిటిలోనూ ఇదే తిట్టు. పప్పు ఉడకదు గానీ కొట్టాయన వంశం మాత్రం కుతకుతా ఉడికేది. కొండ సంగతి ఎవరికీ తట్టేది కాదు.

నేను దానికి కథ కట్టి క్లాసులో వదిలేవాణ్ని. "దేవమాలి కొండ మీద ఒకసారి పప్పు పొయ్యి మీద పెట్టేనర్రా. అప్పటికి నాకింకా మీసం రాలేదు. పప్పు మెత్తబడేసరికి మీసం నెరిసిపోయింది."

ఈ ఏడాదీ పిల్లలంతా విరగబడి నవ్వారు. ఒక్క అమ్మాయి నవ్వలేదు. ఆ తిట్లు తినే కొట్టాయన మనవరాలు.

"అయితే మా తాత పప్పు పాతది కాదన్నమాట, సార్?"

"కాదమ్మీ. తప్పు కొండది."

ప్రయోగం రోజున ఆ అమ్మాయి పని చూడాలి. నీళ్లు ఎగిరిపడకుండా బీకరు అడుగున రెండు పెంకు ముక్కలు వేసింది. థర్మామీటరు గుండు అడుగుకి తగలకుండా స్టాండుకి కట్టింది. కన్ను పాదరసానికి సరిగ్గా ఎదురుగా పెట్టి, తొంభై ఏడు చదివి, తొంభై ఏడే రాసింది. దిద్దమని నేను అనలేదు. ఎవరు చూస్తారులే అనుకున్నాను.

పరీక్షకి రాయగడ నుంచి వచ్చిన మాస్టారు చూశారు.

"ఏటమ్మీ ఇది? మరక్కముందే తీసేసేవా?"

"లేదు సార్. బాగా తెర్లేకే సూసేను."

"ముప్ఫై మందికి నూరొస్తే నీకొక్కదానికీ తొంభై ఏడా? నీ బీకర్లో దేవుడు వేరే నీళ్లు పోసేడా?"

పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. మాస్టారూ చూశారు. నిజం చెబితే మిగతా ముప్ఫై రికార్డులూ దొంగవని ఒప్పుకోవాలి. పొద్దున్న లేస్తే అలవోకగా పది అబద్ధాలాడే నాకు ఆ ఒక్క నిజానికి నాలుక తిరగలేదు.

"సిన్నపిల్ల కదండీ, తొందరపడుంటాది."

మళ్లీ నీళ్లు పెట్టి చూసే తీరిక ఆయనకు లేదు. రైలు టైమైపోతోంది. రికార్డు మొత్తానికి సున్నా వేసి వెళ్లిపోయారు. దాంతో ఆ అమ్మాయి ప్రాక్టికల్ తప్పినట్టే. మార్కుల కాగితం మర్నాడు సాయంత్రం పైకి పంపేస్తారట.

ఇంట్లో కూర్చోలేకపోయాను. టీ పెట్టుకుంటే గిన్నెలో నీళ్లు మరుగుతూ కనబడ్డాయి. పొయ్యి ఆర్పేశాను. వీధిలో పడితే కాళ్లు కొట్టు వైపే లాగాయి. అక్కడ ఒకావిడ "నీ పప్పు ఉడికి సావలేదు తాతా!" అని కేకలేస్తోంది. లోపల బస్తా మీద ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

పొద్దున్నే థర్మామీటరు తువ్వాలులో చుట్టుకుని రాయగడ రైలెక్కాను. సీటు దొరికినా నిలబడే ఉన్నాను. సొరంగం వచ్చినప్పుడల్లా తువ్వాలు తడుముకుంటూ ఒక్కో కథ అల్లాను. రికార్డులు ఎలుకలు కొట్టేశాయని ఒకటి, ఆవేళ నాకు జ్వరమని ఒకటి. సొరంగం దాటేసరికి ఏదీ నిలబడేది కాదు.

ఆ మాస్టారు ఇంట్లో కాఫీ ఇవ్వబోయారు.

"కాఫీ వద్దండి. ఉత్త నీళ్లు మరిగించండి."

"ఏటి మాస్టారూ, ఇందుకా కొండ దిగేరు?"

థర్మామీటరు ఆయన చేతికే ఇచ్చాను. నీళ్లు తెర్లాయి. పాదరసం తొంభై తొమ్మిది దాటింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఇదే థర్మామీటరు మా కొండ మీద తొంభై ఏడు దాటదండి."

"మరి ఆ ముప్ఫై మందికీ నూరెలాగొచ్చింది?"

"రాలేదండి. నేను రాయించేను."

ఆయన పొయ్యి కట్టేశారు.

"ఆ ముక్క కాగితం మీద పెడతారా?"

పెట్టాను. సంతకం నాదిలా లేదు. ఆయన సున్నా కొట్టేసి, ఆ అమ్మాయికి రికార్డు మార్కులు నిండుగా వేశారు.

"మిగతా పిల్లల మార్కులు ముట్టుకోను. వాళ్లు మాస్టారు మాట విన్నారంతే. ఈ కాగితం మాత్రం మీ హెడ్మాస్టారుకి పోస్టులో వస్తాది."

తిరుగు రైల్లో మనసు ఊరుకుంటుందా? టికిరి స్టేషను వచ్చేసరికి నా కథలో ఆయన నాకు దండం పెట్టారు. లక్ష్మీపూర్ దాటేసరికి రాయగడ ఊరంతా గిన్నెలు పట్టుకుని వీధిలోకొచ్చింది. కథ బ్రహ్మాండంగా కుదిరింది.

తిన్నగా కొట్టుకే వెళ్లాను. ఆ అమ్మాయి ఎదురొచ్చింది.

"రాయగడెళ్లేరట, ఏటైంది సార్?"

"నీళ్లు మరిగించేరు. సూసేరు. నీ మార్కులు నీకేసేరు."

"అంతేనా?"

"అంతే అమ్మీ."

"మీరు సెప్తే అంతేటి సార్, ఇంకా ఏదో ఉంటాది" అంటూ స్టూలు లాగి వేసింది. వాళ్ల తాత కూడా తక్కెడ పక్కన పెట్టి చెవి ఇటు పెట్టాడు.

కూర్చున్నాను. మళ్లీ లేచాను. ఆ కాగితం హెడ్మాస్టారు ఇంటికి చేరేలోగా నేను చేరి, ఉన్నదున్నట్టు చెప్పాలి.